చదును శ్లాబులకు, గోడౌన్ రేకులకు స్ప్రే ఫోమ్ రూఫింగ్: చెన్నైలో మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అంబత్తూరు, గిండీ, మాధవరం, రెడ్‌హిల్స్ వైపు గోడౌన్లు, చిన్న ఫ్యాక్టరీలు, కల్యాణ మండపాలు నడుపుతున్న తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఫోన్ చేసి తమిళంలో మొదలుపెట్టి, రెండో మాటకే "మీరు తెలుగువాళ్ళా?" అని తెలుగులోకి వచ్చేస్తారు. అప్పటి నుంచి వాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవన్నీ. నేను ఈ పనే చేస్తాను. అయినా ఫోమ్ ఎవరికి అక్కర్లేదో కూడా కిందే రాశాను, అది కూడా చదివాకే ఎవరికైనా ఫోన్ చేయండి.

స్ప్రే ఫోమ్ రూఫింగ్ అంటే అసలేంటి?

రెండు ద్రవాలు వేరువేరు డ్రమ్ముల్లో వస్తాయి. ఒకటి ఐసోసైనేట్, రెండోది పాలియోల్. రెండూ సమానంగా మెషీన్‌లోకి వెళ్ళి, అక్కడ వేడెక్కి, పొడవాటి వేడి గొట్టాల గుండా గన్ దాకా వచ్చి, గన్ మూతి దగ్గర కలుస్తాయి. శ్లాబు మీద పడిన క్షణంలో పలుచటి పూతలా ఉంటుంది. కొన్ని సెకన్లలో పాలు పొంగినట్టు పైకి లేచి, దాదాపు ఇరవై ముప్ఫై రెట్లు పెరిగి గట్టిపడుతుంది. నిమిషం తర్వాత వేలు పెడితే అంటదు. ఎక్కడా అతుకు ఉండదు. పిట్టగోడ మూలలు, పైపుల చుట్టూ, ఏసీ స్టాండ్ కాళ్ళ చుట్టూ ఒకే ముక్కగా అల్లుకుపోతుంది. దాని మీద ఎండను తట్టుకునే తెల్లటి పూత వేస్తారు. అడుగున శ్లాబు, నడుమ ఫోమ్, పైన పూత, ఈ మూడూ కలిస్తేనే రూఫింగ్.

ఈ ఫోమ్ పేరు పాలీయూరిథేన్, పొట్టిగా పీయూ. అది కొత్త సరుకేమీ కాదు. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లోనే దాన్ని తయారుచేసింది. మీ ఫ్రిజ్ గోడల్లో ఉన్నదీ ఈ జాతి ఫోమే.

హార్డ్‌వేర్ షాపులో డబ్బాల్లో దొరికే ఫోమ్, పీయూ వాటర్‌ప్రూఫింగ్ పెయింటు, ఇది, మూడూ ఒకటేనా?

కాదు. పేర్లలో పీయూ ఉండటంతో అందరూ తికమక పడుతున్నారు. డబ్బా ఫోమ్ తలుపు ఫ్రేముల సందులు నింపడానికి. దాన్ని టెర్రస్ మీద కొట్టి ఎండకు వదిలేసినవాళ్ళను చూశాను, ఏడాదికి పొడి అయిపోయింది. పీయూ పెయింటు నీళ్ళను ఆపుతుంది కానీ పలుచటి పొరే కాబట్టి అదొక్కటే వేడిని పెద్దగా ఆపలేదు. కొటేషన్‌లో "పీయూ ట్రీట్‌మెంట్" అని మాత్రమే రాసి ఉంటే, ఫోమా, పెయింటా, ఎన్ని మిల్లీమీటర్లు అని రాతపూర్వకంగా అడగండి.

మా శ్లాబు కారుతోంది. దాని మీదే ఫోమ్ కొట్టేస్తే ఆగిపోతుందా?

అన్నిటికంటే ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. కొంచెం ఓపిగ్గా చదవండి.

చెన్నైలో పాత శ్లాబుల మీద వెదరింగ్ కోర్సు ఉంటుంది: ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన పొర, దాని మీద ఎర్ర పెంకులు. పెంకుల సందుల్లోంచి దిగిన నీళ్ళు ఆ ఇటుక ముక్కల్లో నెలల తరబడి నిలుస్తాయి. పైన చూస్తే ఎండగా, పొడిగా కనిపిస్తుంది. లోపల మాత్రం స్పాంజిలా తడి. దాన్ని కప్పేస్తూ ఫోమ్ కొడితే ఆ తడికి బయటికి దారి ఉండదు. ఎండ ఎక్కగానే ఆవిరై పైకి తన్నుతుంది, ఫోమ్ పొక్కులు లేస్తుంది. మిగిలిన నీరు కిందికి దిగి శ్లాబు ఇనుమును తినేస్తుంది. పెచ్చులూడి చువ్వలు బయటపడేది అప్పుడే.

నా మొదటి సంవత్సరాల్లో మాధవరం వైపు ఒక గోడౌన్‌కు ఈ తప్పు నేనే చేశాను. డిసెంబర్ వానలు ఆగాయి, జనవరిలో పది రోజులు మంచి ఎండ కాసింది, పైన పెంకు పొడిగా ఉంది, కొట్టేశాం. ఏప్రిల్‌కు అన్నం పళ్ళెమంత పొక్కులు లేచాయి. ఒకటి కోసి చూస్తే కింద ఇటుక ముక్కలు ఎర్రటి బురదలా ఉన్నాయి. పిడికిలిలో పట్టి నొక్కితే ఉండ కట్టాయి. మొత్తం గీకి, వెదరింగ్ కోర్సు తీసేసి, మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. ఓనరు గారు ఆ ఖర్చు అడగలేదు కానీ తప్పు నాది, నేనే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. టెర్రస్ మీద నాలుగైదు చోట్ల, ముఖ్యంగా తూముల దగ్గర, పలక సుత్తి తీసుకుని శ్లాబు దాకా చిన్న గుంత తీసి చూస్తాం. ఇంకో నాలుగు చోట్ల ఒకటిన్నర అడుగుల పాలిథీన్ షీటు పరిచి నాలుగు అంచులూ టేపు వేస్తాం. సాయంత్రం వేసి మర్నాడు పొద్దున చూస్తాం. షీటు లోపలి వైపు ఇడ్లీ పాత్ర మూతకు పట్టినట్టు నీటి చుక్కలు ఉంటే ఆ శ్లాబు ఇంకా ఆరలేదన్నమాట. వెదరింగ్ కోర్సు తడిసి ఉంటే, ఆరేదాకా ఆగడం కన్నా తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. ఆ పొర అంత తొందరగా ఆరదు.

ఈ పరీక్ష చేయకుండా, మెట్ల మీంచి ఒకసారి తొంగి చూసి రేటు చెప్పేవాళ్ళకు పని ఇవ్వకండి.

వాటం సరిగ్గా లేదు, మధ్యలో నీళ్ళు నిలుస్తాయి. ఫోమ్‌తో సరిచేయొచ్చా?

చేయొచ్చు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే గుణం ఇదే. తూముకు దూరంగా ఉన్నచోట మందంగా, దగ్గర పలుచగా కొట్టుకుంటూ వస్తే వాటం దానంతటదే వస్తుంది, శ్లాబు మీద బరువు పెద్దగా పెరగదు. కొత్త వాటం కనీసం 100కి 1 (అంటే వంద అడుగులకు ఒక అడుగు దిగువ) ఉండాలి, 50కి 1 దొరికితే ఇంకా మంచిది. పని మొదలుపెట్టే ముందు టెర్రస్ మీద బకెట్లతో నీళ్ళు పోసి, నిలిచిన చోట్ల చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీయించండి. వాన ఆగిన 48 గంటల తర్వాత కూడా ఎక్కడైనా నీళ్ళు ఉంటే అక్కడ వాటం దిద్దాల్సిందే.

తూము మూతి ఫోమ్ కంటే ఎత్తులో ఉండిపోకూడదు. దాని చుట్టూ పళ్ళెంలా పలుచగా దించుకురావాలి. తూములు మూడంగుళాల పైపులైతే ఈ సందర్భంలోనే పెద్దవి చేయించుకోండి. ఫోమ్ అయ్యాక గోడ కొట్టడం కుదరదు.

చెన్నైలో ఏ నెలల్లో చేయించాలి?

ఫిబ్రవరి నుంచి మే చివరి వరకు. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మి.మీ. వాన పడితే, సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే కురుస్తుంది. హైదరాబాద్, విజయవాడ బంధువులు "వానాకాలం జూన్‌లో కదా" అని సలహా ఇస్తారు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కూడా పని జరుగుతుంది కానీ సాయంత్రాలు ఉరుములతో జల్లు పడుతుంది, అందుకే ఆ రోజు కొట్టిన ఫోమ్‌కు ఆ రోజే మొదటి పూత పడేలా చిన్న చిన్న భాగాలుగా చేసుకోవాలి. ఆశ్వయుజం, కార్తీకంలో మాత్రం పెద్ద పని మొదలుపెట్టకండి. ఒక అల్పపీడనం వచ్చిందంటే సగం చేసిన టెర్రస్ మీద వారం రోజులు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

రోజులో ఏ వేళ?

మంచు ఆరాక మొదలుపెట్టి, సముద్రపు గాలి రాకముందే ఆపేయాలి. అంటే మామూలుగా పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర దాకా. ఫిబ్రవరిలో తెల్లవారుజామున శ్లాబు మీద చెమ్మ ఉంటుంది, అరచేయి పెడితే తెలుస్తుంది. ఐసోసైనేట్ ఆ తేమతోనూ కలిసిపోతుంది, దాంతో ఫోమ్ శ్లాబును గట్టిగా పట్టుకోదు. మంచు బిందువు అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత. శ్లాబు వేడి దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. దీన్ని కొలిచే చిన్న మీటరు కాంట్రాక్టరు చేతిలో ఉందో లేదో చూడండి.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటిన గాలిలో గన్ పట్టకూడదు. ఎగిరిన తుంపర చుక్కలు గాల్లోనే గట్టిపడి, దొరికిన చోట అతుక్కుంటాయి, కారు పెయింటు మీద పడితే గోటితో రావు. అంబత్తూరులో ఒకసారి "ఇంకొక్క పదడుగులే" అనుకుని ఒంటి గంట దాటాక కూడా కొట్టాం. గాలి తూర్పు నుంచి తిరిగింది. పక్క కాంపౌండులో నిలిపిన ఏడు కార్ల మీద ఇసుక చల్లినట్టు గరుకుగా అయ్యింది. వాటిని పాలిష్ పట్టించి ఇచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు పని రోజున చుట్టుపక్కల వంద మీటర్లలో బళ్ళు తీయించమని ముందే చీటీ పంచుతాం, గాలి మీటరు చూస్తూనే పని చేస్తాం, చుట్టూ గుడ్డ తెరలు కడతాం.

ఎన్ని మిల్లీమీటర్లు కొట్టించాలి? వేడి నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. రోహిణి కార్తెలో మన టెర్రస్‌ల మీద నల్లబడిన చోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. కాంక్రీటు ఆ వేడిని పగలంతా తాగి, రాత్రి పై అంతస్తులోకి సెగలా వదులుతుంది. 50 మి.మీ. ఫోమ్ ఆపే వేడిని కాంక్రీటుతో ఆపాలంటే శ్లాబు మూడు మీటర్లకు పైగా మందం ఉండాలి. పైన తెల్ల పూత ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది, మిగిలింది ఫోమ్ ఆపుతుంది. ఇంకో లాభం కూడా ఉంది: శ్లాబు పగలు వ్యాకోచించి రాత్రి ముడుచుకునే ఆట తగ్గుతుంది, దాంతో కొత్త పగుళ్ళు తగ్గుతాయి.

మందం గురించి నా సలహా: మామూలు గోడౌన్‌కు, షోరూమ్‌కు 50 మి.మీ. చాలు. పగలంతా ఏసీ నడిచే ఆఫీసుకు, ఆసుపత్రికి 75 పెట్టించండి. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ, లేదా అంతకు మించి ఉన్న కొత్త వాణిజ్య కట్టడాలకు ఉద్దేశించిన 2017 నాటి ఇంధన పొదుపు కోడ్ ఈసీబీసీ, ఎక్కువ రకాల కట్టడాలకు పైకప్పు యూ విలువ (కప్పు గుండా ఎంత వేడి దిగుతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 0.33 దాటకూడదంటుంది. 50 మి.మీ. ఫోమ్, శ్లాబు కలిపితే 0.40 దగ్గర ఆగిపోతుంది. 75తో 0.30 లోపలికి దిగుతుంది. ఆర్కిటెక్టు ఈ లెక్క అడిగితే 50కే ఒప్పేసుకోకండి.

పై అంతస్తు లేని భాగానికే ఈ లాభమంతా. ఆరంతస్తుల కట్టడంలో కింది ఐదు అంతస్తుల కరెంటు బిల్లు దీనివల్ల తగ్గదు.

మాది సౌకార్‌పేటలో పాత కట్టడం. బరువు తట్టుకుంటుందా?

పాత జార్జ్‌టౌన్ ఇళ్ళలో మద్రాస్ టెర్రస్ ఉంటుంది: టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో పేర్చి, సున్నంతో కట్టిన కప్పు. దాని మీద తరానికొక పొర సున్నం వేసుకుంటూ పోయి బరువు పెంచేశారు. కొత్త వెదరింగ్ కోర్సు, పెంకులు కలిపి చదరపు మీటరుకు 150 కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. 50 మి.మీ. ఫోమ్, పూతతో కలిపి మూడు నాలుగు కిలోలే. కాబట్టి బరువు విషయంలో భయం లేదు. కానీ దూలం తల గోడలో దిగిన చోట పుచ్చిందేమో ముందు చూపించండి. పుచ్చిన దూలాన్ని ఫోమ్ నిలబెట్టలేదు. సున్నపు కప్పు ఊపిరి పీలుస్తుంది, అంటే తేమను పీల్చి వదులుతుంది, కాబట్టి తడి పరీక్ష ఇక్కడ ఇంకా గట్టిగా చేయాలి.

మాది రేకుల షెడ్డు. పైన కొట్టించాలా, లోపల కొట్టించాలా?

వేడి ఒక్కటే సమస్య అయితే చాలామంది లోపల కొట్టిస్తారు, పని సులువు, పూత ఖర్చూ తగ్గుతుంది. కానీ లోపల కొడితే కారడం ఆగదు. బోల్టు రంధ్రంలోంచి దిగిన నీళ్ళు రేకుకూ ఫోమ్‌కూ మధ్య చేరి, ఎక్కడో దూరంగా బయటపడతాయి. కారే చోటు కనిపెట్టడం ఎవరివల్లా కాదు, రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. పైగా లోపల సరుకు ఉన్నచోట తల మీద ఏ పూతా లేకుండా ఫోమ్ బయటికి ఉండటం అగ్ని విషయంలో ప్రమాదం. లోపల కొట్టించక తప్పకపోతే దాని మీద మంటను ఆపే పూత వేయించండి.

పైన కొట్టిస్తే ప్రతి బోల్టు తలా, ప్రతి అతుకూ మూసుకుపోతాయి. తుప్పు గీకి, ప్రైమర్ వేసి, వదులైన బోల్టులు బిగించాకే కొట్టాలి. ఎన్నూరు, రాయపురం వైపు రేకుల మీద ఉప్పు పొర ఉంటుంది, నాలుకకు తెలిసేంత. దాన్ని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే ప్రైమర్ పొలుసులా లేస్తుంది. సిమెంటు రేకులు పాతవైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా రుద్దడం, గ్రైండర్ పట్టడం వద్దు, ఆ నార ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు.

2016 డిసెంబర్ 12న వర్దా తుపాను చాలా షెడ్లను విప్పేసింది. ఫోమ్ కొట్టిన రేకులు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి, అంచు పట్టి లేపడానికి గాలికి సందు దొరకదు. అలాగని పర్లిన్ (రేకులను మోసే అడ్డ దూలం) దగ్గర తుప్పు తిన్న బోల్టుకు ఫోమ్ బలం ఇవ్వదు.

పైన ఏ పూత? యాక్రిలికా, సిలికానా?

ఫోమ్‌కు అసలు శత్రువు ఎండ. పూత లేకుండా వదిలేస్తే మీగడ రంగు కాస్తా పసుపై, నారింజ రంగై, చివరికి గోధుమ రంగు పొడిగా వేలికి అంటుతుంది. అందుకే ఫోమ్ పడిన రోజే, మహా అయితే మర్నాడే మొదటి పూత పడాలి. మూడు రోజులు దాటితే పైన గీకి కొట్టాలి.

యాక్రిలిక్ చవక, తెల్లగా ఉంటుంది, మళ్ళీ పూత వేయడం తేలిక. కానీ నీళ్ళు నిలిచే చోట మెత్తబడి లేచిపోతుంది. సిలికాన్ నిలిచిన నీళ్ళను, ఎండను రెండిటినీ తట్టుకుంటుంది. దానికి దుమ్ము త్వరగా పడుతుంది, తడిలో జారుతుంది, రేపు దాని మీద సిలికాన్ తప్ప ఇంకేదీ అంటదు. వాటం బాగా వచ్చిన టెర్రస్‌కు యాక్రిలిక్, అనుమానం ఉన్నచోట సిలికాన్, ఇదీ నేను చెప్పేది. ఏదైనా రెండు పూతలు, వేరువేరు రంగుల్లో వేయించండి, కింద లేత బూడిద, పైన తెలుపు. ఎక్కడ పలుచబడినా కంటికి బూడిద రంగు కనిపిస్తుంది. ఆరిన తర్వాత మొత్తం మందం 500 నుంచి 750 మైక్రాన్లు ఉండాలి.

చెప్పినంత మందం కొట్టారో లేదో నాకెలా తెలుస్తుంది?

డ్రమ్ములు లెక్కపెట్టండి. 10,000 చదరపు అడుగులంటే సుమారు 930 చదరపు మీటర్లు. 50 మి.మీ. మందానికి ఘనపరిమాణం 46.5 ఘనపు మీటర్లు. రూఫింగ్ ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 45 కిలోలు అనుకుంటే 2,090 కిలోల కెమికల్ కావాలి. వృథా కలుపుకుంటే 2,300. రెండు రకాలూ కలిపి పది డ్రమ్ములు ఖాళీ కావాలి. మీ గేటు దగ్గర ఆరే దిగితే మిగతా నాలుగు డ్రమ్ముల ఫోమ్ మీ టెర్రస్ మీద లేదని అర్థం. పూత కూడా అంతే: అరవై శాతం ఘనపదార్థం ఉన్న యాక్రిలిక్‌తో 600 మైక్రాన్లు రావాలంటే చదరపు మీటరుకు లీటరు. ఫోమ్ గరుకుతనానికి ఇంకో ఇరవై శాతం కలిపితే ఇరవై లీటర్ల బకెట్లు 55 దాకా. ఖాళీ డ్రమ్ములు, బకెట్లు మీరు చూశాకే బయటికి పోవాలని ఆర్డరులో రాయండి.

డ్రమ్ములు ఎక్కడ పెట్టారో కూడా చూడండి. మే నెల ఎండలో టెర్రస్ మీద నిలబెట్టిన పాలియోల్ డ్రమ్ము మూత తీయగానే బుస్సుమంటుంది. అలా పోయేది ఫోమ్‌ను పొంగించే వాయువు.

తర్వాత మందం. సన్నటి ఉక్కు సూదిని గుచ్చి, వేలితో పట్టి, స్కేలు మీద పెట్టి చూడటమే, దానికి ఇంజనీరు అక్కర్లేదు. పూతకు ముందు ఇరవై చోట్ల గుచ్చండి. పైభాగం నారింజ తొక్కలా ఉంటే మంచిది. పేలాల్లా, చెట్టు బెరడులా ఎగుడుదిగుడుగా ఉంటే ఆ గుంటల్లోకి పూత దిగదు, ఒప్పుకోకండి.

ఒక్కచోటైనా రెండంగుళాల ముక్క కోయించి చేతిలోకి తీసుకోండి. కోసిన ముఖం మీద సన్నటి గీతలు కనిపిస్తాయి, ఒక్కో గీత ఒక్కో దఫా కొట్టిన పొర. ఒక దఫాలో 12 నుంచి 40 మి.మీ. మధ్య రావాలి. 75ను ఒకేసారి పొంగిస్తే లోపల వేడి పుట్టి మధ్యలో మాడు రంగు వస్తుంది, తర్వాత కుంచించుకుపోతుంది. ముక్కను రెండు చేతులా పట్టి విరవండి. మడత కాజాలా పొరలు పొరలుగా విడిపోతే దఫాల మధ్య దుమ్మో తడో చేరిందన్నమాట. బిస్కెట్టులా పొడిపొడిగా రాలితే ఐసోసైనేట్ ఎక్కువైంది. వేలు దిగబడి, జిగురుగా, ఘాటు వాసన వస్తుంటే పాలియోల్ ఎక్కువైంది. బాగున్న ముక్క గట్టిగా విరుగుతుంది, అడుగున శ్లాబు సిమెంటు కొంచెం పట్టుకుని వస్తుంది. కోసిన గుంతను అక్కడికక్కడే ఫోమ్‌తో నింపించండి.

ఇలా కొట్టే పనికి భారత ప్రమాణం ఐఎస్ 12432 మూడో భాగం ఉంది. ఆర్డరులో దాని పేరు రాయడం మరచిపోకండి.

నిప్పు అంటుకుంటుందా?

అంటుకుంటుంది, కాదని చెప్పేవాళ్ళను నమ్మకండి. మంటను నెమ్మదింపజేసే మందులు కలిపిన ఫోమ్ వాడతాం, అది కరిగి కారకుండా బొగ్గులా మారుతుంది, అయినా కాలే పదార్థమే. కాంక్రీటు శ్లాబు పైన ఉన్నప్పుడు కింద ఉన్నవాళ్ళకు శ్లాబే అడ్డుగోడ. పని జరిగే రోజుల్లో టెర్రస్ మీద వెల్డింగు, బీడీ ఉండకూడదు. కోసిన ముక్కలను వేడి తగ్గకముందే గుట్టగా పోయకూడదు. తర్వాత కూడా హోర్డింగు ఫ్రేముకో టవర్‌కో వెల్డింగు చేయాలంటే చుట్టూ తడిపిన గోనె పరచి, పక్కన మనిషిని నిలబెట్టండి. ఫైర్ టెస్ట్ సర్టిఫికెట్ కంపెనీ దగ్గర అడిగి తీసుకోండి.

కల్యాణ మండపం ఓనర్లకు ప్రత్యేకంగా: ఫోమ్ వేసిన టెర్రస్ మీద గాడిపొయ్యి, గ్యాస్ పొయ్యి పెట్టనివ్వకండి. దీపావళి మర్నాడు పైకెక్కి రాకెట్ కాలిన మచ్చలు వెతికించండి. పూత చిల్లిపడిన చోట ఆ వారమే అతుకు వేయాలి, ఎందుకంటే వెనకాలే వానలు వస్తున్నాయి.

కింద ఆఫీసు నడుస్తుండగా పని చేయొచ్చా? వాసన ఆరోగ్యానికి మంచిదేనా?

గట్టిపడ్డాక ప్రమాదం లేదు. కొట్టేటప్పుడు లేచే ఐసోసైనేట్ తుంపర మాత్రం చెడ్డది. ఒకసారి అది ఒంటికి సరిపడకుండా పోయిందంటే తర్వాత కొద్దిగా తగిలినా ఉబ్బసం వస్తుంది. గన్ పట్టే కుర్రాడికి బయటి నుంచి స్వచ్ఛమైన గాలి వచ్చే మాస్కు, ఒళ్ళంతా కప్పే సూటు ఉండాలి. గుడ్డ కట్టుకుని కొడుతుంటే పని ఆపించండి. వాళ్ళూ మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలే. ఆఫీసు నడవొచ్చు, కానీ ఏసీలకు బయటి గాలి తీసుకునే ద్వారాలు మూసి, పై అంతస్తు కిటికీలు బిగించి, టెర్రస్‌కు ఎవరూ రాకుండా తాళం వేయండి. ఆసుపత్రులకు, స్కూళ్ళకు సెలవు రోజులే చూసుకోవడం మేలు.

ఫోమ్ మీద నడవొచ్చా? పైన టైల్స్ వేయించుకోవచ్చా?

చెప్పులతో నడవొచ్చు. చదరపు సెంటీమీటరుకు రెండున్నర, మూడు కిలోల దాకా ఒత్తిడి తట్టుకుంటుంది. నిచ్చెన కాళ్ళు, జారిపడిన స్పానరు, ఈడ్చిన ఏసీ అవుట్‌డోర్ యూనిట్టు, వీటికి మాత్రం గుంట పడుతుంది. నేను చూసిన డ్యామేజీలో ఎక్కువ భాగం ఏసీ మెకానిక్కులు, కేబుల్ వాళ్ళు చేసినదే. మెట్ల దగ్గర నుంచి యూనిట్ల దాకా పూత మందంగా వేసి గరుకు రవ్వ చల్లి నడకదారి చేయించండి.

జనం రోజూ వాడే టెర్రస్ అయితే ఫోమ్, పూత మీద గుడ్డ పొర పరచి, కోడి వల వేసి 50 మి.మీ. సిమెంటు, దాని మీద టైల్స్ వేసే పద్ధతి మన దగ్గర చాలా ఉంది. గట్టిగానే ఉంటుంది. కానీ చదరపు మీటరుకు వంద కిలోలు దాటిన బరువు తిరిగి తెచ్చి పెట్టినట్టు అవుతుంది, రేపు ఎక్కడైనా కారితే చోటు కనపడదు. నడిచేవాళ్ళు లేనిచోట ఇది వేయించకండి.

సోలార్ ప్యానెళ్ళు పెట్టాలనుకుంటున్నాం.

ముందు కాళ్ళు శ్లాబుకు బిగించి, తర్వాత ఫోమ్ కొట్టి, ఆ తర్వాత ప్యానెళ్ళు ఎక్కించండి. ఫోమ్ అయిపోయాక వచ్చి డ్రిల్లు పట్టేవాళ్ళను ఆపండి.

కాకులు పొడుస్తాయని విన్నాం. నిజమేనా?

నిజమే. ఎందుకో కాకులకు, గోరింకలకు ఫోమ్ పొడవడం ఇష్టం, ముఖ్యంగా అంచుల్లో పూత పలుచగా ఉన్నచోట. పిట్టగోడ పక్కన, ట్యాంకు అడుగున చూడండి. అంగుళం గుంటలో నీళ్ళు దిగినా చుట్టుపక్కలకు పెద్దగా పాకవు, ఎందుకంటే ఈ ఫోమ్ లోపలి సన్నటి బుడగలు ఒక్కొక్కటీ విడిగా మూసుకుని ఉంటాయి. తడిసిన భాగం కోసి, సీలెంట్ నింపి, పూత వేస్తే సరి.

ఆ వాన నీళ్ళు ఇంకుడు గుంతకు పంపొచ్చా?

తమిళనాడులో 2003 నుంచి వాన నీటి నిల్వ ఏర్పాటు తప్పనిసరి, కాబట్టి పంపాల్సిందే. పూత వేశాక మొదటి రెండు మూడు వానల నీళ్ళు బయటికి వదిలేయండి. తాగునీటి సంపుకు కలిపే ఉద్దేశం ఉంటే పూత కంపెనీ నుంచి అందుకు తగినదని కాగితం తీసుకోండి.

ఇందులో వాడే గ్యాస్ ఓజోన్‌కు హాని అంటారు?

ఫోమ్‌ను పొంగించడానికి ఇదివరకు వాడిన హెచ్‌సీఎఫ్‌సీ-141బి అనే వాయువు హాని చేసేదే. 2020 జనవరి 1 నుంచి మన దేశంలోకి దాని దిగుమతి నిషేధం. ఇప్పుడు వేరే వాయువులతో వచ్చే సరుకే వాడాలి. డ్రమ్ము మీద లేబుల్ చూడండి.

ఎన్నేళ్ళు వస్తుంది?

పూత సరైన మందంలో ఉంటే పది నుంచి పదిహేనేళ్ళకు ఒకసారి కడిగి మళ్ళీ పూత వేయించాలి. ఫోమ్ తీయక్కర్లేదు. చెన్నై ఎండకు ఎనిమిదో ఏటి నుంచే బూడిద రంగు బయటపడుతోందేమో గమనించమని చెబుతాను. ఏడాదికి రెండుసార్లు, సెప్టెంబర్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి ఎవరైనా పైకెక్కి ఆకులు తీసి, తూములు చూడాలి. వారంటీ కాగితంలో "నీళ్ళు నిలిచిన చోటికి వర్తించదు" అన్న వాక్యం ఉందేమో సంతకానికి ముందే చదవండి.

ఎవరికి వద్దంటారు?

ఎనిమిది వందల చదరపు అడుగుల షాపుకు మెషీను, జనరేటరు, మనుషులను తెప్పించడం దండగ. మంచి మేస్త్రితో వెదరింగ్ కోర్సు వేయించి తెల్ల పెంకులు పరిపించుకోండి. వచ్చే రెండు మూడేళ్ళలో పైన ఇంకో అంతస్తు లేపుతారంటే కూడా వద్దు. టెర్రస్ మీద రోజూ సామాను ఈడ్చే పని ఉన్నా, శ్లాబు చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్నా ముందు ఆ సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు వాన పడుతోంది, కారుతోంది. ఇప్పుడేం చేయమంటారు?

2015 డిసెంబర్‌లోనూ, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను రోజుల్లోనూ ఈ ఫోన్లే వచ్చాయి. ఆ టెన్షన్‌లో ఏ కాంట్రాక్టుకూ సంతకం పెట్టకండి. తూములు తెరిపించి, సరుకును గోడకు దూరంగా జరిపి, కారే చోట టార్పాలిన్ కట్టండి. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ పైకెక్కి నీళ్ళు నిలిచిన చోట్లను, కింద శ్లాబులో మరక ఎక్కడ మొదలైందో ఫోన్‌తో ఫొటోలు తీసి, తేదీతో దాచండి. జనవరి చివర్లో వాటిని చూపిస్తే, ఎక్కడ గుంత తీసి చూడాలో మాకు తెలిసిపోతుంది.